ఇంగ్లిష్‌లో ఆల్దో (అయినప్పటికీ) ఉన్న వాక్యంలో బట్ తప్పు సరే, యెట్ కూడా తప్పేనా?

అక్షరమాల:
"ఆల్దో హి వాజ్ టైర్డ్, యెట్ హి ఫినిష్డ్ ద వర్క్" అని రాస్తే కొందరు టీచర్లు కొట్టేస్తున్నారు, కొందరు వదిలేస్తున్నారు. యెట్ బదులు బట్ ఉంటే మాత్రం అందరూ కొట్టేస్తారు. ఎందుకీ తేడా?

వాక్యవిధేయుడు:
నా లెక్కలో రెండూ తప్పే. ఆల్దో వచ్చిందంటే ఆ ముక్క ఉపవాక్యం, ఇంకో ముక్క ప్రధాన వాక్యం. బట్ కలిపేది సమాన హోదా ఉన్న రెండింటిని. ఆల్దో, బట్ రెండూ పెడితే ప్రధాన వాక్యమంటూ మిగలదు. అసలు ఈ పొరపాటు మన మాటలోంచే వస్తుంది. "చెప్పినా గానీ వినలేదు" అంటాం కదా, అందులో ఆల్దో పనంతా "చెప్పినా" చివరి దీర్ఘమే చేసేసింది. "గానీ" ఉత్త ఊతపదం. తెలుగులో అది చెల్లుతుంది, ఇంగ్లిష్‌లో చెల్లదు.

కామాపురుగు:
ఊతపదం సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. యెట్‌ను మాత్రం బట్‌తో ఒకే గాటన కట్టకండి. "అండ్ యెట్" అనగలం, "అండ్ బట్" అనలేం. అంటే యెట్ క్రియావిశేషణంగా కూడా నిలబడుతుంది, "అయినా సరే" అన్న అర్థంలో. 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్లోనే దో (ఆల్దో అర్థమే), యెట్ జంటగా కనిపిస్తాయి. పాతబడిన వాడుక అనండి, వ్యాకరణదోషం అనకండి.

వాక్యవిధేయుడు:
సరే, పాతబడిందనే అంటాను. అయినా నేర్చుకునేవాళ్లకు స్టిల్ చెప్పడం మేలు: "ఆల్దో హి వాజ్ టైర్డ్, హి స్టిల్ ఫినిష్డ్ ద వర్క్." దీన్ని ఎవరూ కొట్టరు.
నన్ను ఇంతకన్నా బాధపెట్టేది హౌఎవర్. రెండు పూర్తి వాక్యాల మధ్య అటో కామా, ఇటో కామా పెట్టి దాన్ని ఇరికిస్తారు. హౌఎవర్‌కు అతికే శక్తి లేదు. ముందు ఫుల్‌స్టాప్ గానీ సెమికోలన్ గానీ ఉండాలి, కామా తర్వాతే. ఇక "డిస్పైట్ ఆఫ్" అనేది "ఇన్ స్పైట్ ఆఫ్" నుంచి పాకిన ఆఫ్. డిస్పైట్ తర్వాత నామవాచకమో ఇంగ్ రూపమో చాలు: "డిస్పైట్ ద రెయిన్", "డిస్పైట్ బీయింగ్ టైర్డ్". కర్త, క్రియ ఉన్న వాక్యమే కావాలంటే మధ్యలో "ద ఫ్యాక్ట్ దట్" చేర్చాలి.

కామాపురుగు:
స్టిల్ అన్నిచోట్లా కుదరదండీ. "ఆల్దో హి లాస్ట్, హి వాజ్ స్టిల్ హ్యాపీ" అంటే ఓడినా సంతోషించాడనా, అప్పటిదాకా ఉన్న సంతోషం ఇంకా పోలేదనా? రెండర్థాలూ వస్తాయి. అలాంటి చోట స్టిల్ తీసేయండి, ఆల్దో ఒక్కటే సరిపోతుంది.