హరించరానివా, హరించలేనివా?

పెన్నేరు:
చిన్నప్పుడు సాంఘికశాస్త్రం పాఠంలో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన నుంచి ఒక వాక్యం కంఠస్థం చేయించారు. "సృష్టికర్త మానవులకు హరించ... ని హక్కులు కొన్ని ప్రసాదించాడు, జీవించే హక్కు, స్వేచ్ఛ, ఆనందాన్వేషణ అందులోనివి" అని. ఆ మధ్య అక్షరం దగ్గరే ఆగిపోతున్నాను. హరించరానివా, హరించలేనివా? మా అబ్బాయికి చెబుతుంటే ఒకసారి అలా, ఒకసారి ఇలా వచ్చింది. అర్థం పూర్తిగా మారిపోతుంది కదా. తెలిసినవాళ్ళు చెప్పండి.

తాళపత్రం:
'రాని'యే అండీ, సందేహం లేదు. ఎవరూ హరించలేనివైతే దాని కింద అంత పెద్ద ఫిర్యాదుల చిట్టా ఎందుకు? అప్పటి ఇంగ్లండు రాజు మూడో జార్జి శాసనసభలను రద్దు చేశాడు, మా సమ్మతి లేకుండా పన్నులు వేయడానికి ఒప్పుకున్నాడు, యుద్ధం లేని రోజుల్లో సైన్యాన్ని మా ఊళ్ళలో నిలిపాడు అని వరసగా రాసుకొచ్చారు. హరించగలిగాడు కాబట్టే తుపాకీ పట్టారు. 'లేని' వేస్తే మొత్తం ప్రకటనకే పునాది పోతుంది.

దస్తావేజు:
మీ ఇద్దరూ 'రా, లే' అంటున్నారు కానీ, చిక్కు 'హరించు' దగ్గరే ఉంది. హరించడమంటే ఇంకొకడు లాక్కోవడం. అసలు ఇంగ్లీషు మాట 'అనేలియనబుల్' ఆస్తి చట్టం నుంచి వచ్చింది. దానికి మన దస్తావేజుల్లో ఎప్పటినుంచో ఉన్న మాట అన్యాక్రాంతం, అంటే ఆస్తి ఇంకొకరి పరం కావడం. ప్రభుత్వం పేదలకు పట్టా ఇచ్చిన అసైన్డ్ భూమినే చూడండి. 1977లో చట్టం వచ్చినప్పుడు పట్టాదారు తానే సంతకం పెట్టి అమ్మినా ఆ అమ్మకం చెల్లదని పెట్టారు. ఈ హక్కులూ అంతే, మనిషి తనంతట తాను రాసిచ్చినా చెల్లదు. నా మట్టుకు 'అన్యాక్రాంతం కాని హక్కులు' అన్నదే సరైన తెలుగు.

డెలావేర్ తెలుగు:
ఈ అక్షరం పేచీ ఇంగ్లీషులోనూ ఉంది. ప్రకటన రాసిన జెఫర్సన్ చిత్తుప్రతిలో 'ఇనేలియనబుల్'. 1776 జూలైలో అచ్చయిన ప్రతిలో 'అనేలియనబుల్'. మళ్ళీ వాషింగ్టన్‌లో జెఫర్సన్ స్మారక మందిరం గోడ మీద 'ఇన్' అనే చెక్కారు. ఇక్కడికి చుట్టాలు వచ్చినప్పుడల్లా తీసుకెళ్ళి ఆ గోడ చూపిస్తాను.

తాళపత్రం:
దస్తావేజు గారూ, మీ అసైన్డ్ భూమి మీకే ఎదురు తిరుగుతుంది. అది ఇచ్చింది ప్రభుత్వం, షరతు తప్పితే వెనక్కి తీసుకునేదీ ప్రభుత్వమే. అమెరికాలోని బ్రిటిష్ వలసల్లో ఉన్నవాళ్ళకు కడుపు మండింది సరిగ్గా అక్కడే. 1765లో స్టాంపు చట్టం వచ్చినప్పుడు వాళ్ళు అడిగింది స్వాతంత్ర్యం కాదు. "మేమూ ఇంగ్లీషువాళ్ళమే, పార్లమెంటులో మా ప్రతినిధి లేకుండా మా మీద పన్నెలా వేస్తారు" అన్నారు. పత్రికల మీద, కోర్టు కాగితాల మీద, చివరికి పేకముక్కల మీద కూడా స్టాంపు! 1766లో ఆ చట్టం రద్దు చేశారు గానీ, అదే ఊపులో "వలసల మీద అన్ని విషయాల్లోనూ శాసనం చేసే అధికారం మాకుంది" అని పార్లమెంటు ఇంకో చట్టం రాసుకుంది. ఇక 1774లో మసాచుసెట్స్‌కు 1691లో రాజు ఇచ్చిన చార్టర్‌నే, అంటే పాలన హక్కుల పత్రాన్నే, తిరగరాసింది. ప్రజల ప్రతినిధులు ఎన్నుకునే కౌన్సిల్‌ను రాజు నియమించే కౌన్సిల్‌గా మార్చారు. గవర్నర్ అనుమతి లేకుండా ఊరి సభ ఏడాదికి ఒక్కసారే. రాజిచ్చిన హక్కయితే రాజు ప్రభుత్వం తీసేస్తుందని వాళ్ళకప్పుడు అర్థమైంది. 'సృష్టికర్త' ఆ వాక్యంలోకి వచ్చింది భక్తితో మాత్రమే కాదు, ఇచ్చినవాణ్ణి మార్చడానికి.

దస్తావేజు:
ఇచ్చినవాడి గురించి కాదండీ నా పోలిక, పుచ్చుకున్నవాడి గురించి. జెఫర్సన్ కంటే ముందు, 1776 జూన్‌లో, వర్జీనియా హక్కుల ప్రకటనకు జార్జి మేసన్ రాసిన మాట చూడండి. మనుషులు సమాజంగా ఏర్పడేటప్పుడు ఏ ఒప్పందంతోనూ తమ సంతానానికి ఈ హక్కులు లేకుండా చేయలేరని ఉంటుంది. తండ్రి సంతకం కొడుకును కట్టదన్నమాట. ఇది 'హరించు'లో ఎక్కడుంది?

గోరువంక:
తాళపత్రం గారూ, 'రాని' అంటే 'కూడని' అని మాత్రమే ఎందుకు తీసుకుంటున్నారు? భరించరాని నొప్పి అంటే భరించకూడని నొప్పా? చెప్పరాని బాధ అంటే చెప్పకూడని బాధా? వర్ణింపరాని అందం? వీటన్నిటిలో 'రాని' అంటే సాధ్యం కానిది అనే. చేయరాని పని అన్నప్పుడు మాత్రం నిషేధం. ఒక్క 'రా'లో రెండూ ఉన్నాయి. పాఠం రాసినవారు తెలిసే వేశారని నా నమ్మకం. హక్కు నిలువునా లాక్కోవడం ఎవరి తరమూ కాదు, అయినా లాక్కోజూడటం తప్పు.

తాళపత్రం:
భరించరాని, చెప్పరాని అన్నవి అనుభవం మీద వచ్చే మాటలు తల్లీ. నొప్పిని భరించేది నేనే, బాధ చెప్పేదీ నేనే. హరించేది ఎదుటివాడు. ఎదుటివాడి పని మీద 'రాని' పడితే నిషేధమే.

గోరువంక:
'ఛేదింపరాని కోట' అంటాం కదా మాష్టారూ. ఛేదించేవాడు శత్రువే.

నల్లమల:
ఒక సంగతి మధ్యలో చెప్పాలి. స్టాంపు చట్టం వచ్చిన ఆ 1765లోనే ఈస్టిండియా కంపెనీ మొగలు పాదుషా దగ్గర ఉత్తర సర్కారులకు, అంటే మన కోస్తా ప్రాంతానికి, ఫర్మానా రాయించుకుంది. మన ఊళ్ళ శిస్తు చేతులు మారడం, బోస్టన్‌లో స్టాంపుల గొడవ ఒకే ఏడాది. 1773 డిసెంబరు 16న బోస్టన్‌లో వాళ్ళు సముద్రంలో పారేసిన 342 టీ పెట్టెలూ ఆ కంపెనీ సరుకే. అస్సాం టీ అనుకుంటారు కొందరు, కాదు, చైనా టీ. ఆ ఏడాది వచ్చిన టీ చట్టం వల్ల నిజానికి ధర తగ్గింది, అయినా పౌనుకు 3 పెన్నీల సుంకం కట్టి తాగితే పార్లమెంటు అధికారం ఒప్పుకున్నట్టే అని వద్దన్నారు. ఆ స్వాతంత్ర్య యుద్ధంలో యార్క్‌టౌన్‌లో 1781లో లొంగిపోయిన బ్రిటిష్ సైన్యం కారన్‌వాలిస్‌దే. ఆయనే 1786లో గవర్నర్ జనరల్‌గా ఇటు దిగాడు. ఆయన హయాంలోనే 1788లో గుంటూరు సర్కారు కంపెనీ చేతికి పోయింది.

డెలావేర్ తెలుగు:
కంపెనీ ఆసియాలో చేసిన దోపిడీ 1773 నాటి వాళ్ళ కరపత్రాల్లో కనిపిస్తుంది నల్లమల గారూ. అక్కడ చేసింది రేపు ఇక్కడా చేస్తుందని భయపడ్డారు.

గోరువంక:
ఇంతసేపూ హక్కుల గురించే మాట్లాడుతున్నాం, ఫిలిస్ వీట్లీని ఎవరూ తలచుకోలేదే? 1761లో ఏడెనిమిదేళ్ళ పిల్లను ఆఫ్రికా నుంచి ఓడలో తెచ్చి బోస్టన్‌లో అమ్మారు. ఆ ఓడ పేరే ఆమెకు పెట్టారు. 1773లో ఆమె పద్యాల పుస్తకం లండన్‌లో అచ్చయింది. వలసల మంత్రిగా వచ్చిన డార్ట్‌మత్ ప్రభువుకు రాసిన పద్యం నాకు ప్రాణం. స్వేచ్ఛ మీద నాకింత ప్రేమ ఎక్కడిదని ఆశ్చర్యపోతారేమో, నన్ను పసితనంలోనే తల్లిదండ్రుల దగ్గర్నుంచి ఎత్తుకొచ్చారు, నా తండ్రి ఎంత కుమిలిపోయాడో, అందుకే ఇంకెవరికీ ఈ నిరంకుశత్వం రాకూడదని కోరుతున్నాను అంటుంది. హరించడమంటే ఏమిటో ఆ ప్రకటన మీద సంతకం పెట్టినవాళ్ళందరి కంటే ఆమెకు బాగా తెలుసు.

తాళపత్రం:
ఆమె పద్యాలు విమర్శించడానికి కూడా తగవని రాసింది ఆ జెఫర్సనే. అది నేను క్షమించలేను.

దస్తావేజు:
ఆయన చిత్తుప్రతిలో బానిసల వ్యాపారం నేరం రాజు మీద వేసిన పేరా ఒకటి ఉండేది. వలసల ప్రతినిధుల సభ అయిన కాంగ్రెస్ కొట్టేసింది. దక్షిణ కరోలినా, జార్జియా ఒప్పుకోలేదని ఆయనే తర్వాత రాసుకున్నాడు. అక్కడ మనిషినే అన్యాక్రాంతం చేస్తున్నారు, దస్తావేజు రాసి మరీ. అందుకే ఆ మాట మీద అంత పట్టుబడుతున్నాను.

పెన్నేరు:
అందరికీ ధన్యవాదాలు. కానీ పాత ఏడో తరగతి పుస్తకం ఎవరి దగ్గరైనా ఉందా?

నల్లమల:
ఏడు కాదండీ, తొమ్మిదో తరగతి అనుకుంటా. అందులో 'ఆనందాన్వేషణ' కూడా లేదు, 'సుఖాన్వేషణ' అని ఉండేది.

గోరువంక:
సుఖం వేరు, ఆనందం వేరు నల్లమల గారూ. ఇంగ్లీషు తత్వవేత్త లాక్ 'ఆస్తి' అన్నచోట జెఫర్సన్ వేసిన మాట అది. 'సుఖం' అంటే మళ్ళీ ఆస్తి దగ్గరికే వెళ్ళిపోతాం.