అప్‌డేట్: మ్యూనిక్ నుంచి వెరోనాకి చలికాలంలో కారు ప్రయాణం

పాత వింటర్ టైర్లతోనే ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దులో ఆల్ప్స్ కొండల మీదున్న బ్రెన్నర్ కనుమ దాటొచ్చా అని నవంబర్‌లో అడిగాను. ట్రెడ్ (టైరు మీది గాడుల లోతు) 3.5 మిల్లీమీటర్లు ఉంది, జర్మనీ చట్టానికి 1.6 చాలు కదా అనుకున్నాను. ఆస్ట్రియా సంగతి చెప్పి ఆపినవాళ్లకు మనస్ఫూర్తిగా థ్యాంక్స్. అక్కడ నవంబర్ 1 నుంచి ఏప్రిల్ 15 దాకా రోడ్డు మీద మంచు ఉంటే వింటర్ టైర్లు తప్పనిసరి. ట్రెడ్ 4 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే వాటిని వింటర్ టైర్లుగానే లెక్కపెట్టరు. నాలుగూ మార్పించాను. కొండ బొమ్మలో మంచు రేకు గుర్తు ఉన్నవే తీసుకున్నాను, ఎందుకంటే 2024 అక్టోబర్ నుంచి జర్మనీలో ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో, అంటే బురద, మంచు) అక్షరాలు మాత్రమే ఉంటే వింటర్ టైరుగా చెల్లదు.

టైరు గొలుసులు కూడా కొన్నాం. ఇంటి ముందే రెండుసార్లు బిగించి చూశాను. మొదటిసారి అరగంట పట్టింది. దారిలో వాటి అవసరం రాలేదు. ఆస్ట్రియా విన్యెట్ (హైవేల మీద వెళ్లడానికి కొనే టోల్ స్టిక్కర్) కొన్నా, బ్రెన్నర్ రోడ్డుకి టోల్ విడిగా కట్టాలి, అది గుర్తుపెట్టుకోండి.

అసలు టెన్షన్ ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ నగరం దాటాక వచ్చింది. ముందు లారీ చిమ్మిన ఉప్పునీళ్లు అద్దమంతా కమ్మేశాయి, వాషర్ నీళ్లేమో గడ్డకట్టి రావడం లేదు. వెనక సీట్లో పిల్లలు, ముందు ఏమీ కనబడదు. మెల్లగా తర్వాతి పెట్రోల్ బంకు దాకా వెళ్లి, మైనస్ 20 డిగ్రీలకు తట్టుకునే లిక్విడ్ పోయించాను. బయల్దేరేముందే అది మార్చుకోండి.