20 వేలలో గ్రాఫిక్స్ కార్డు: కొత్త ఆర్‌ఎక్స్ 6600నా, వాడిన ఆర్‌టీఎక్స్ 3060నా?

బెజవాడ బుల్లోడు

మా తమ్ముడి పీసీకి కార్డు మార్చాలి. ఈ విషయంలో ఇంట్లో రెండు పార్టీలయ్యాం, అందుకే పంచాయితీ ఇక్కడ పెడుతున్నా.

పీసీ ఇదీ: ఐ5 10400ఎఫ్, హెచ్410 బోర్డు, 16 జీబీ ర్యామ్, 1080పీ 75 హెర్ట్జ్ మానిటర్. ఇప్పుడున్న కార్డు జీటీఎక్స్ 1050 టీఐ, 4 జీబీ. ప్రాసెసర్ ‘ఎఫ్’ రకం కాబట్టి కార్డు పీకేస్తే స్క్రీన్ మీద బొమ్మే రాదు. వాడు ఆడేది వాలరెంట్, జీటీఏ 5. ఆడాలని మోజు పడుతున్నది సైబర్‌పంక్ 2077, రెడ్ డెడ్ 2. మధ్యలో బ్లెండర్ (3డీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్) కూడా నేర్చుకుంటున్నాడు. నాన్నగారు ఇస్తానన్నది 20 వేలు. పైన ఒక్క రూపాయి కూడా రాదు.

నేను ఏఎండీ కంపెనీ ఆర్‌ఎక్స్ 6600 కొత్తది అంటున్నా. నాకు షాపువాళ్లు చెప్పిన రేటు సరిగ్గా బడ్జెట్‌లో పడుతోంది, మూడేళ్ల వారంటీ ఉంది. వాడేమో కాలేజీలో ఎవరో సీనియర్ ఎన్విడియా కంపెనీ ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీది 15 వేలకు అమ్ముతున్నాడని పట్టుబట్టి కూర్చున్నాడు. 2021లో కొన్న బిల్లు ఉందట, వారంటీ అయిపోయిందట. మీరు ఎవరి వైపు?

సీటీసీ బాబాయ్

తమ్మీ, 2021ల కొన్న కార్డు అంటెనే జర ఆలోచించాలె. ఆ ఏడాది ఆటలాడెటోళ్లకు కార్డులు దొరికినయా? డబుల్ రేట్లు పెట్టి మైనింగోళ్లు, అంటె కార్డులతోటి రాత్రింబగళ్లు లెక్కలు చేపిచ్చి క్రిప్టో పైసలు సంపాయించెటోళ్లు, ఎత్తుకపోయిన్రు. 2022 సెప్టెంబర్ల ఎథీరియం (ఒక క్రిప్టో నాణెం) మైనింగ్ బందయినంక అవే కార్డులు కడిగి, తుడిచి, ‘లైట్‌గా వాడినం’ అని అమ్మకానికి పెట్టిన్రు. సికింద్రాబాద్ పార్క్‌లేన్ల ఎన్ని చూసిన్నో నాకే ఎరుక. కొత్తది తీస్కో, బిల్లు తీస్కో, నిమ్మలంగ పండుకో.

హాష్‌రేట్ హరి

బాబాయ్, మిగతా కార్డుల సంగతేమో గానీ 3060కి ఆ మాట అతకదు. 2021 ఫిబ్రవరిలో ఎన్విడియా దాన్ని దించిందే లిమిటర్ పెట్టి. ఎథీరియం మైనింగ్ మొదలుపెడితే వేగం సగానికి పడిపోయేలా చేశారు. మైనర్లు దాన్ని వదిలేసి 3060 టీఐ, 3070 వెంట పడ్డారు.

సీటీసీ బాబాయ్

ఆ లిమిటర్ ఎన్ని రోజులున్నది హరీ? మరుసటి నెలనే ఎన్విడియా ఓళ్లే 470.05 డెవలపర్ డ్రైవర్ (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) విడిచిన్రు, అండ్ల లిమిటర్ లేకనేపాయె. పొరపాటున పోయిందన్నరు. తెల్లారెసరికి ఆ డ్రైవర్ లోకమంతా తిరిగింది. 2022 మే నెలల మైనింగ్ సాఫ్ట్‌వేర్ చేసే నైస్‌హాష్ ఓళ్లు మిగిలిన లిమిటర్లు గూడ పూర్తిగ విప్పిన్రు. ఇగ ఏం అతకదో నువ్వే చెప్పు.

హాష్‌రేట్ హరి

ఒప్పుకుంటా, కొన్ని మైనింగ్‌కి వెళ్లాయి. వెళ్తే మాత్రం కొంప మునిగిందా? మైనింగ్ చేసేవాడికి కరెంటు బిల్లు ముఖ్యం, అందుకే కార్డుని తక్కువ వాట్లలో, ఒకే వేడి దగ్గర నడుపుతాడు. అరిగేవి ఫ్యాన్లు, ఎండిపోయేవి థర్మల్ ప్యాడ్లు (చిప్పుల వేడిని లాగే మెత్తటి పట్టీలు). రెండూ మార్చుకోవచ్చు. పైగా 3060లో ఉన్నది మామూలు జీడీడీఆర్6. 3080, 3090ల్లోని జీడీడీఆర్6ఎక్స్‌లా మెమరీ మాడిపోయేంత వేడెక్కదు.

ఫ్రేమ్స్ పిచ్చోడు

మైనింగ్ గొడవ పక్కన పెట్టండి, అసలు కార్డుల గురించి మాట్లాడేవాళ్లే లేరు.

1080పీలో మామూలు ఆటల్లో 6600, 3060 దాదాపు పక్కపక్కనే నడుస్తాయి. తేడా వచ్చేది మూడు చోట్ల.

మొదటిది మెమరీ. 6600లో ఉన్న 8 జీబీతో ఇవాళ పని జరగదని కాదు, టెక్స్చర్లు (గోడలు, నేలల మీద అతికించే బొమ్మలు) ఒక మెట్టు దించుకుంటే జరుగుతుంది. కానీ బుల్లోడి బోర్డు పీసీఐఈ (కార్డుకీ బోర్డుకీ మధ్య డేటా నడిచే దారి) 3.0 తరానిది. 10వ తరం ఇంటెల్‌కి అంతకు మించి లేదు. ఆ దారిలో 6600 వాడుకునేది 8 లేన్లే, 3060 మాత్రం పూర్తి 16 వాడుకుంటుంది. కార్డు మెమరీ నిండనంత వరకు 6600కి పోయేది స్వల్పమే. నిండిందా, మిగిలిన డేటా ర్యామ్‌లోంచి ఆ ఇరుకు దారి గుండానే రావాలి, అప్పుడు ఆట కుదుపులు మొదలు. అంటే ఈ పీసీలో 8 జీబీ దెబ్బ కొత్త బోర్డులో కంటే గట్టిగా తగులుతుంది.

రెండోది అప్‌స్కేలింగ్, అంటే ఆటని చిన్న సైజులో గీసి, పెద్దది చేసి చూపించి వేగం పెంచడం. ఎన్విడియాది డీఎల్‌ఎస్‌ఎస్, ఏఎండీది ఎఫ్‌ఎస్‌ఆర్. 2025 జనవరిలో వచ్చిన కొత్త డీఎల్‌ఎస్‌ఎస్ మోడల్ పాత ఆర్‌టీఎక్స్ కార్డులన్నిటికీ ఇచ్చారు (మధ్యలో అదనపు ఫ్రేములు పుట్టించే ఫ్రేమ్ జనరేషన్ మాత్రం 3060కి లేదు, దాని మీద ఆశ పెట్టుకోకండి). అదే ఏడాది ఏఎండీ తెచ్చిన ఎఫ్‌ఎస్‌ఆర్ 4 ఆర్‌ఎక్స్ 9000 సిరీస్‌కే ఇచ్చారు. 6600 వాడు పాత ఎఫ్‌ఎస్‌ఆర్‌తోనే కాలక్షేపం. 1080పీలో పాత ఎఫ్‌ఎస్‌ఆర్ పెడితే గడ్డి, జుట్టు, తీగల కంచెలు చూడండి, అన్నీ మినుకుమినుకుమంటాయి.

మూడోది బ్లెండర్. ఇక్కడ ఎన్విడియాతో పోటీయే లేదు. తమ్ముడు నిజంగా నేర్చుకుంటుంటే చర్చ ఇక్కడితో ముగిసినట్టే.

నల్గొండ నాని

వాలరెంట్‌కి 75 హెర్ట్జ్ మానిటర్ మీద 1050 టీఐ చాలు బ్రో. 20 వేలు దాచుకోండి.

బెజవాడ బుల్లోడు

నానీ, ఆ మాట మా తమ్ముడికి నువ్వే చెప్పు. 1050 టీఐకి కొత్త ఆటల కోసం వచ్చే డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగిపోయాయి కదా, ఇకపై భద్రత అప్‌డేట్లే. వాడు ఆ వార్త ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు.

సీటీసీ బాబాయ్

నడుస్తున్న కార్డు డ్రైవర్ ఆగంగనె ఆగిపోదు నాయన.

డల్లాస్ నుంచి దొరబాబు

ఎవరూ ఇంటెల్ పేరెత్తరేంటి? ఆర్క్ బీ580. 12 జీబీ, 2024 డిసెంబరులో 249 డాలర్లకి దించారు. ఇక్కడి నుంచి ఎవరైనా వస్తుంటే సూట్‌కేసులో తెప్పించుకోండి. 6600 కంటే చాలా ముందుంటుంది.

ఫ్రేమ్స్ పిచ్చోడు

దొరబాబు గారూ, కార్డు మంచిదే, ఈ పీసీకి కాదు. దాని డ్రైవర్ ప్రాసెసర్ మీద ఎక్కువ భారం వేస్తుంది. 2025 జనవరిలో రివ్యూవర్లు రైజెన్ 5 2600, 5600 లాంటి ప్రాసెసర్లతో పెట్టి చూసేసరికి కొన్ని ఆటల్లో బాగా జారిపోయింది. 10400ఎఫ్ కూడా ఆ బాపతే. రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్నీ ఒకేసారి అందుకునే సదుపాయం) లేకపోతే ఆర్క్ కార్డులు ఇంకా కుంటుతాయి. దానికి ఆ హెచ్410కి బయాస్ (బోర్డు సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉందో లేదో వెతకాలి. ఇక సూట్‌కేసు కార్డుకి ఇక్కడ వారంటీ సంగతి కంపెనీని బట్టి ఉంటుంది. వారంటీ కోసమే కదా బుల్లోడు కొత్తది అంటున్నది?

వైజాగ్ వోల్ట్

వాడినది కొనడమే ఖాయమైతే చూడాల్సినవి చెప్తాను. ఇక్కడ సముద్రపు గాలికి కార్డుల గతి ఏమవుతుందో రోజూ చూస్తుంటాను.

ముందు వెనక ఉండే ఇనుప పట్టీ, అదే హెచ్‌డీఎంఐ పోర్టులుండే వైపు. అక్కడ తుప్పు చుక్కలుంటే కార్డు ఎక్కడ బతికిందో తెలిసిపోతుంది. తర్వాత టార్చి వేసి హీట్‌సింక్ పక్క నుంచి బోర్డు అంచులు చూడాలి. థర్మల్ ప్యాడ్ల నుంచి నూనె కారి జిడ్డుగా మెరుస్తుంటే అది చాలా కాలం వేడిలో మగ్గిందన్నమాట. అది కార్డు చచ్చిపోయే లక్షణం కాదు, బేరమాడడానికి పనికొచ్చే లక్షణం. ఫ్యాన్‌ని వేలితో మెల్లగా తిప్పి, పైకీ కిందకీ కదిపి చూడండి. గలగలలాడితే బేరింగ్ పోయింది.

తర్వాత కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్ తెరవాలి. 3060కి మెమరీ 12 జీబీ, బస్ (మెమరీ దారి వెడల్పు) 192 బిట్ ఉండాలి. 2022 చివర్లో అదే పేరుతో 8 జీబీ, 128 బిట్ రకం ఒకటి దించారు, అది బాగా నెమ్మది. పేరు చూసి మోసపోయేది ఇక్కడే. మన దగ్గర చవగ్గా దొరికే ‘ఆర్‌ఎక్స్ 580 2048ఎస్‌పీ’ కూడా ఈ కోవే, పేరు 580, లోపల ఉన్నది 570 సరుకు.

చివరగా కార్డుని పూర్తి భారంతో పరీక్షించే ఫర్‌మార్క్ ఒక పావుగంట. మామూలు టెంపరేచర్ చూసి మురిసిపోకండి, హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడి చోటు) చూడండి. రెండిటికీ తేడా పాతిక డిగ్రీలు దాటుతుంటే చిప్ వేడిని హీట్‌సింక్‌కి చేర్చే పేస్టు ఎండిపోయింది.

ఎస్‌ఎంపీఎస్ శాస్త్రి

ఇంతమంది ఇన్ని చెప్పారు గానీ ఒక్కరూ అడగలేదు. బాబూ బుల్లోడూ, నీ ఎస్‌ఎంపీఎస్, అదే పీసీకి కరెంటు ఇచ్చే డబ్బా, ఏది?

బెజవాడ బుల్లోడు

పీసీ కట్టించినప్పుడు కేబినెట్‌తో పాటు వచ్చిందండీ. పైన 450 వాట్స్ అని ఉంది.

ఎస్‌ఎంపీఎస్ శాస్త్రి

పైన ఉన్నది వదిలెయ్. పక్కన చిన్న అక్షరాల పట్టిక ఉంటుంది. ప్లస్ 12 వోల్ట్ కింద ఎన్ని ఆంపియర్లు రాశారు? కార్డుకి కరెంటు ఇచ్చే 8 పిన్ పీసీఐఈ కేబుల్ ఉందా?

బెజవాడ బుల్లోడు

12 వోల్ట్ కింద 18 ఆంప్స్, 5 వోల్ట్ కింద 28, 3.3 వోల్ట్ కింద 25. పీసీఐఈ కేబులే లేదండీ, 6 పిన్ కూడా లేదు.

ఎస్‌ఎంపీఎస్ శాస్త్రి

అనుకున్నా. 12ని 18తో గుణించు, 216 వాట్లు. ప్రాసెసర్, కార్డు తినేది ఈ 12 వోల్ట్ నుంచే. మిగతా వాట్లన్నీ ఇవాళ ఎవరూ పెద్దగా వాడని 5, 3.3 వోల్ట్ లైన్లలో చూపించి 450 చేశారు.

ఇప్పుడు లెక్క వెయ్. 6600కి 132 వాట్లు, 10400ఎఫ్‌కి 65, అక్కడికే 197. ప్రాసెసర్ బూస్ట్‌లో 65 దగ్గర ఆగదు, ఫ్యాన్లు, డిస్కులు ఇంకా కలపనే లేదు. 3060 అయితే 170, లెక్కే అక్కర్లేదు. ఇన్నాళ్లూ 1050 టీఐ నడిచిందంటే అది 75 వాట్లలోపు స్లాట్ నుంచే లాగి సరిపెట్టుకుంది కాబట్టి.

షాపులో రెండు మోలెక్స్ (పాత డిస్కుల కరెంటు కనెక్టర్లు) నుంచి 8 పిన్‌కి కన్వర్టర్ ఇస్తామంటారు, 150 రూపాయలే అంటారు. వద్దు. 8 పిన్ అంటే 150 వాట్ల లెక్క. ఆ సన్న తీగలు అంత మోయవు, కనెక్టర్ ప్లాస్టిక్ కరిగి స్లాటుకి అతుక్కుపోయిన కార్డులు నా బల్ల మీదకి వచ్చాయి. నిఖార్సైన 550 వాట్ల బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే రేటింగ్) ఎస్‌ఎంపీఎస్‌కి నాలుగు వేలు పక్కన పెట్టు. అది తీసేస్తే కొత్త 6600 నీ బడ్జెట్‌లో లేదు. నువ్వు భద్రం అనుకున్న దారే అన్నిటికంటే ప్రమాదం.

బెజవాడ బుల్లోడు

అంటే మా తమ్ముడు గెలిచాడా?! 15 ప్లస్ 4, 19. వాడికి ఇది చూపించను.

సీటీసీ బాబాయ్

అట్లెట్ల గెలుస్తడు? ఇంకో తోవ ఉన్నది. ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ, కొత్తది. 70 వాట్లు, కేబులే అక్కర్లే, చానా మోడళ్లు స్లాట్‌ల పెట్టుడే. మూడేండ్ల వారంటీ, డీఎల్‌ఎస్‌ఎస్ ఉన్నది, బ్లెండర్ నడుస్తది, 20ల ఇంక మిగుల్తయ్. శాస్త్రిగారి లెక్కనే చూడుర్రి, 70, 65 కలిపితె 135.

ఫ్రేమ్స్ పిచ్చోడు

బాబాయ్, ఆ 6 జీబీ 3050 అంటే 2024లో కోర్లు కోసి, బస్ 96 బిట్‌కి కుదించి పాత పేరే తగిలించిన సరుకు. అసలు 3050 8 జీబీయే 6600కి అందదు, ఇది దానికంటే కింద. సైబర్‌పంక్ కోసం డబ్బు పోగేసినవాడికి మీడియం సెట్టింగులు చేతిలో పెడతారా? ఆఫీసుల నుంచి వచ్చే చిన్న డబ్బా పీసీలకైతే అది బంగారం, ఇక్కడ కాదు.

సీటీసీ బాబాయ్

మీడియంల ఆడితె పాపమా? తండ్రి ఇచ్చిన పైసలతోటి వారంటీ లేని సామాన్ కొని, ఆరు నెలలకు నల్ల స్క్రీన్ వస్తె ఎవ్వల్ని అడుగుతరు? ఆ సీనియర్‌నా? వాడు అప్పటికి బెంగళూర్ల ఉంటడు.

హాష్‌రేట్ హరి

వారంటీ ఉంటే మాత్రం? నా కార్డు ఒకటి సర్వీస్ సెంటర్‌కి పంపితే వేసవి అంతా అక్కడే గడిపి వచ్చింది. ఈలోగా ‘ఎఫ్’ ప్రాసెసర్ ఉన్న పీసీ ఖాళీ డబ్బా.

ఎస్‌ఎంపీఎస్ శాస్త్రి

బాబాయ్ గారి 3050 లెక్క కాగితం మీద సరిపోతుంది. కానీ ఆ ఎస్‌ఎంపీఎస్‌ని ఇంకో మూడేళ్లు నమ్మమని నేను చెప్పను. లోకల్ ఎస్‌ఎంపీఎస్ పోతూ పోతూ బోర్డుని కూడా తీసుకుపోతుంది. ఏ కార్డు కొన్నా ముందు అది మార్చండి. 3050 కొని కూడా మార్చేటట్టయితే 20 వేలు అక్కడే అయిపోతాయి, అదే డబ్బుకి 3060 వస్తోంది. 3060 నచ్చకపోతే వాడిన 6600 చూసుకోండి, 12 వేల చుట్టూ అడుగుతున్నారు, మూడు నాలుగు వేలు మిగులుతాయి.

నల్గొండ నాని

6600కి డ్రైవర్లు ఆపేశారు అన్నారుగా?

ఫ్రేమ్స్ పిచ్చోడు

ఆపలేదు. 2025 అక్టోబరులో ఆర్‌ఎక్స్ 5000, 6000 కార్డుల్ని మెయింటెనెన్స్ బ్రాంచిలోకి, అంటే ముఖ్యమైన దిద్దుబాట్లే వచ్చే వరుసలోకి, నెడుతున్నట్టు ఏఎండీ రాసింది. జనం దుమ్మెత్తిపోశాక కొత్త ఆటలకు సపోర్టు కొనసాగుతుందని వివరణ ఇచ్చుకుంది. వాళ్ల మనసులో ఏముందో మాత్రం బయటపడిపోయింది. అందుకే నా ఓటు 3060కే.

బెజవాడ బుల్లోడు

సరే. రేపు ఎస్‌ఎంపీఎస్ కొంటున్నా, దాంట్లో ఎవరికీ తగువు లేదు. ఆదివారం ఆ సీనియర్ రూముకి వెళ్లి 3060ని అతని పీసీలోనే ఫర్‌మార్క్ మీద పెట్టిస్తా. జిడ్డో తుప్పో కనిపిస్తే 13కి అడుగుతా. తేడా కొడితే వాడిన 6600 వెతుక్కుంటాం. 1050 టీఐ మాత్రం అమ్మను, ఏ కార్డు పోయినా బొమ్మ రావడానికి అది ఉండాలి.

వైజాగ్ వోల్ట్

వెళ్లే ముందు కేబినెట్ వెనక స్లాటు నుంచి ముందు ఫ్యాన్ దాకా టేపుతో కొలిచి వెళ్లండి. మూడు ఫ్యాన్ల 3060లు కొన్ని 30 సెంటీమీటర్ల దాకా ఉంటాయి.

బెజవాడ బుల్లోడు

కొలిచానండీ, 27 ఉంది. అతనిది రెండు ఫ్యాన్లదే, పడుతుంది.

సీటీసీ బాబాయ్

హాట్‌స్పాట్ ఎంతొచ్చిందో ఈడనే రాయి తమ్మీ. స్క్రీన్‌షాట్ తోటి.