హార్పీ గద్దా, ఆఫ్రికా క్రౌన్డ్ ఈగలా: ఏది బలమైన వేటగత్తె?

పాలమూరు_పిట్ట:
మన్ననూరు వైపు పక్షులు చూడటానికి పోయిన మా బ్యాచ్‌లో మొదలైన లొల్లి ఇది, ఇంకా తెగలేదు. నా ఓటు దక్షిణ అమెరికా హార్పీకే. ఆడది 9 కిలోల దాకా తూగుతుంది. ఆఫ్రికా క్రౌన్డ్ ఈగల్ 5 కిలోలు కూడా దాటదు. ఇంక చర్చ ఏముంది?

నల్గొండ_గుట్టలు:
బరువు చూసి తీర్పు చెప్తే ఎట్లా తమ్మీ? మగ హార్పీ నాలుగైదు కిలోలే ఉంటుంది, మరి దాన్ని ఎందుకు పక్కన పెట్టినవ్? పైగా హార్పీ ఎక్కువగా తినేది స్లాత్‌లను. రోజంతా కొమ్మకు వేలాడుతూ కదిలీ కదలకుండా ఉండే జంతువు అది. క్రౌన్డ్ ఈగల్ కోతులనే కాదు, తనకన్నా నాలుగైదు రెట్లు బరువున్న జింకలను కూడా పడగొడుతుంది.

పాలమూరు_పిట్ట:
పడగొడితే సరిపోయిందా అన్నా? ఎత్తుకుపోగలదా? కొమ్మను కరుచుకున్న స్లాత్‌ను ఊడబీకడం అంత తేలిక కాదు. హార్పీ దాన్ని పీకి, ఎగురుతూనే తీసుకుపోతుంది.

అమ్రాబాద్_అడవి:
ఎత్తుకుపోవాల్సిన అవసరమే క్రౌన్డ్ ఈగల్‌కు లేదు. వేట బరువైతే నేల మీదే ముక్కలు చేసి, తిన్నంత తిని, మిగిలింది చెట్ల మీద దాచుకుంటుంది. పెద్ద జంతువు మీదికి దూకే ధైర్యం అక్కడినుంచే వస్తుందని నా లెక్క.

ఇంకొకటి. దక్షిణాఫ్రికాలోని టాంగ్‌లో 1924లో ఒక పిల్ల పుర్రె దొరికింది. మనిషికి పూర్వజాతి, వయసు మూడు నాలుగేళ్లు. చిరుతపులి చంపి ఉంటుందని చాలాకాలం అనుకున్నారు. పెద్ద గద్ద పని అని లీ బెర్గర్ అనే శాస్త్రవేత్త 1995లోనే అన్నాడు. ఐవరీ కోస్ట్‌లోని తాయ్ అడవిలో క్రౌన్డ్ ఈగల్ తిన్న కోతుల పుర్రెల మీద ఎలాంటి గాట్లు ఉంటాయో, ఈ పిల్ల కంటి గుంతల్లోనూ అలాంటివే ఉన్నాయని 2006లో చూపించాడు. హార్పీ ఖాతాలో ఇలాంటి కేసు ఉందా?

దేవరకొండ_కెమెరా:
మన నల్లమలలో నెత్తిన జుట్టున్న గద్దను ఎవరూ లెక్కలోకి తీసుకోరా? 😀

అమ్రాబాద్_అడవి:
అది 2 కిలోల లోపే బాబూ, ఈ పోటీలో దానికి సీటు లేదు. అయితే అడవిలో ఎగిరే పద్ధతి మూడింటిదీ ఒకటే. రెక్కలు పొట్టిగా వెడల్పుగా, తోక పొడుగ్గా ఉంటాయి, చెట్ల సందుల్లో మలుపు తిరగడానికి.

పాలమూరు_పిట్ట:
కిలోకు కిలో లెక్కేస్తే ఆఫ్రికాదే పైచేయి అంటే ఒప్పుకుంటా. కానీ రెండు ఆడవాటినీ ఒకే కొమ్మ మీద ఎదురెదురుగా కూర్చోబెడితే? అప్పుడు 9 కిలోల వైపే నేను.

నల్గొండ_గుట్టలు:
మధ్యలో అట్లాంటిక్ సముద్రం ఉంది తమ్మీ, ఆ కొమ్మ ఎక్కడ దొరుకుతదో నువ్వే చెప్పు.