మాడ్యులర్ ప్రీఆంపా, పాత ర్యాకా? టోన్ కోసం ఏది తీసుకోమంటారు?

ఆరుతీగలు (ఎంవీపీ కాలనీ):
అన్నలూ, ఒక సందేహం. మాది నలుగురి బ్యాండు, నాది గిటార్, శని ఆదివారాలు విశాఖ బీచ్ రోడ్ వైపు కెఫేల్లో, అప్పుడప్పుడూ కాలేజీ ఫెస్టుల్లో వాయిస్తుంటాం. ఇన్నాళ్లూ ఒక కాంబోతోనే (ఆంపు, స్పీకరు ఒకే పెట్టెలో ఉండేది) లాగించేశాను కానీ ఇక నావల్ల కావట్లేదు, క్లీన్ (శుభ్రమైన స్వరం) బాగా సెట్ చేసుకుంటే డ్రైవ్ (గరుకు స్వరం) నీరసంగా ఉంటుంది, డ్రైవ్ సరిచేసుకుంటే క్లీన్ పాడైపోతుంది. ఇప్పుడు రెండు దారులున్నాయి. బెంగళూరులో ఒకాయన మార్షల్ జేఎంపీ-1 ప్రీఆంపు (గిటార్ స్వరాన్ని తీర్చిదిద్దే పెట్టె), దాన్ని స్పీకర్లకి సరిపడా పెంచే స్టీరియో ట్యూబ్ పవరాంపు, రెండూ పట్టాలకి బిగించే ర్యాక్ కేసుతో సహా అమ్ముతున్నాడు. లేదంటే మాడ్యూళ్లు మార్చుకునే ప్రీఆంపు సినర్జీ సిన్-2 కొని, ముందు ఫ్రీడ్‌మన్ ఆంపు స్వరమిచ్చే మాడ్యూల్ ఒకటి వేసుకుని, డబ్బులు కూడాక క్లీన్ మాడ్యూల్ చేర్చుకోవాలి. లెక్కేస్తే ఖర్చు రెండిటికీ ఇంచుమించు ఒకటే తేలింది. క్యాబ్ (స్పీకర్ల పెట్టె) నా దగ్గరుంది, పన్నెండంగుళాల వింటేజ్ 30 స్పీకర్లు రెండు. మోత బరువు, కాలితో నొక్కి సెట్టింగులు మార్చే మిడి, అవన్నీ తర్వాత. ఒక్క టోన్ సంగతి చెప్పండి.

పాతర్యాకు (సీతమ్మధార):
తమ్ముడూ, లెక్క మళ్లీ వెయ్యి. సిన్-2 ప్రీఆంపు మాత్రమే, అది నీ స్పీకర్లని కదిలించలేదు. రెండో దారిలో పవరాంపు ఎక్కడ?

ఇక టోన్ సంగతి. నువ్వు వీటిని రెండు వేరే జాతులనుకుంటున్నావు. సిన్-2 కూడా ర్యాక్‌లో బిగించుకునే పెట్టే. తేడా ఎక్కడంటే, జేఎంపీ-1లో ఉన్న సర్క్యూట్ ఉన్నట్టే ఉంటుంది, రెండు ఈసీసీ83 ట్యూబులు, రెండు క్లీన్లు రెండు ఓవర్‌డ్రైవ్‌లు, నువ్వు తిప్పిన నాబ్‌ల లెక్క 100 ప్యాచ్‌ల దాకా గుర్తుపెట్టుకుని కాలితో నొక్కగానే ఇస్తుంది. మాడ్యూల్‌లో అయితే ట్యూబులతో పాటు చుట్టూ ఉన్న సర్క్యూటే ఊడి వస్తుంది, ఇంకోటి తోస్తే వేరే ఆంపు అవుతుంది. కానీ నాబ్‌లు చేత్తోనే తిప్పాలి. ఇదేం నిన్న పుట్టిన ఆలోచన కాదు, ఆంపుల డిజైనర్ బ్రూస్ ఎగ్నేటర్ ఏనాడో చేశాడు, తర్వాత ర్యాండల్ కంపెనీ ఎంటీఎస్ పేరుతో అమ్మింది, ఆ పాత మాడ్యూళ్లు సినర్జీలో పడతాయి కూడా.

నేను 90ల నుంచీ ర్యాకే మోస్తున్నాను కాబట్టి నా మాట కాస్త పక్షపాతంగానే ఉంటుంది. అయినా చెప్తున్నా, ఈ రెండింటి మధ్య నువ్వు వెతుకుతున్న తేడాలో సగానికి పైగా పవరాంపులో, స్పీకర్లో ఉంది. ఆదివారం మా రూముకి రా. నా దగ్గర జేఎంపీ-1 ఉంది, మా బాసిస్టు తమ్ముడి సిన్-1 (ఒక్క మాడ్యూల్ పట్టేది), ఫ్రీడ్‌మన్ మాడ్యూల్‌తో తెప్పిస్తా. ఒకే పవరాంపు, ఒకే క్యాబ్, వాల్యూమ్ సమానం చేసి విందాం. సమానం చేయకపోతే ఏది కొంచెం గట్టిగా మోగితే అదే బాగుందనిపిస్తుంది, చెవులు అంత అమాయకమైనవి.

సోల్డరింగ్‌సారు (గాజువాక):
పవరాంపు గురించి పాతర్యాకు గారు చెప్పింది అక్షరాలా నిజం. స్పీకర్ మీద 8 ఓమ్స్ అని రాసుంటుంది గానీ అన్ని స్వరాల దగ్గరా అది 8 కాదు. కింద బేస్ వైపు రెజొనెన్స్ దగ్గర బాగా పెరుగుతుంది, పైన ట్రెబుల్ వైపు మళ్లీ పెరుగుతుంది. ట్యూబ్ పవరాంపు ఆ రెండు చోట్లా వోల్టేజీ పెంచి ఇస్తుంది, ట్యూబుల బదులు ట్రాన్సిస్టర్లున్న సాలిడ్ స్టేట్‌ది దాదాపు పెంచదు. అందుకే అదే ప్రీఆంపు ఒకదాంట్లో గుండెకి తగులుతుంది, ఇంకోదాంట్లో చదునుగా ఉంటుంది.

నా అసలు భయం వేరే. మనది సముద్రం పక్క ఊరు. మొన్న ఒకతను తెచ్చిన ర్యాక్ వెనక జాక్‌లు చూస్తే లోపలి రేకు మీద పచ్చటి పొడి, ప్లగ్గు తిప్పిన ప్రతిసారీ గరగర, అతనేమో ట్యూబులు పోయాయని కొత్త జత కొనేశాడు. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ప్లగ్గు పదిసార్లు పెట్టి తీస్తే గరగర పోయింది. మాడ్యూల్ అంటే గాలి తగిలే కనెక్టర్లు ఇంకొన్ని ఎక్కువ అని గుర్తుంచుకో. వాడనప్పుడు గుడ్డ కప్పి, పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వెయ్యి. పాత మిడి ప్రీఆంపు కొంటే లోపలి మెమరీ బ్యాటరీ ఎప్పుడు మార్చారో అడుగు, అది చచ్చిందంటే నీ ప్యాచ్‌లన్నీ గాల్లో కలుస్తాయి.

ఇంకోటి. ర్యాక్‌లో రెండు మూడు పెట్టెలు ఇనుప పట్టాలకి బిగించాక గూంయ్ అని హమ్ వస్తే ఎర్త్ పిన్ను విరగ్గొట్టే మహానుభావులున్నారు. చచ్చిపోతారు బాబూ. పెట్టెకీ పట్టాకీ మధ్య ప్లాస్టిక్ వాషర్లు వేసి, అన్నిటికీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి కరెంటు ఇచ్చి చూడండి.

నోట్యూబ్స్ (మధురవాడ):
ఈ రోజుల్లో ఇంకా ట్యూబులేంటి గురూ? మంచి మోడలర్ (ఆంపుల స్వరాన్ని డిజిటల్‌గా అనుకరించే పెట్టె) ఒకటి భుజాన వేసుకుని స్కూటీ మీద వెళ్లిపోవచ్చు. కెఫేలో డెబ్బై మంది జనం, మైకులో ఎవడో పుట్టినరోజు పాట పాడుతుంటాడు, అక్కడ నీ ఫ్రీడ్‌మన్ ఎవడికి వినిపిస్తుంది?

పాతర్యాకు:
నాకు వినిపిస్తుంది నాయనా. నేను కూడా జనంలో ఒకణ్ణే.

సోల్డరింగ్‌సారు:
అమెరికా నుంచి ఎవరైనా తెస్తే వెనక వోల్టేజీ చూడకుండా ప్లగ్గు పెట్టకండి. 120 వోల్టులది మన 230లో పెట్టి పొగ చూపించినవాళ్లని ముగ్గుర్ని చూశాను, ముగ్గురూ చదువుకున్నవాళ్లే.

ఆరుతీగలు:
ఆదివారం వెళ్లొచ్చాను. పాతర్యాకు అన్న ఫోన్లో మీటరు పెట్టి వాల్యూమ్ సరిచేసి, నన్ను గోడ వైపు తిప్పి కూర్చోబెట్టి మార్చి మార్చి వినిపించాడు. ఒక్కణ్ణే వాయిస్తున్నప్పుడు ఏది ఏదో వెంటనే చెప్పేశాను. డ్రమ్ములు మొదలయ్యాక రిథమ్ వాయిస్తే పదికి నాలుగుసార్లు తప్పు చెప్పాను, పరువు పోయింది. ఒక్కచోట మాత్రం తేడా స్పష్టంగా దొరికింది. గిటార్ వాల్యూమ్ నాబ్ సగానికి తగ్గిస్తే ఫ్రీడ్‌మన్ మాడ్యూల్ నెమ్మదిగా క్లీన్ వైపు జారింది, జేఎంపీ-1లో నాకు ప్యాచ్ మార్చుకోవాల్సొచ్చింది. నేను నాబ్ మీద వేలు పెట్టుకుని వాయించే రకం కాబట్టి నా మనసు మాడ్యూల్ వైపే పోయింది.

తర్వాత అన్న ఏమీ చెప్పకుండా నా క్యాబ్ తీసేసి తన గ్రీన్‌బ్యాక్ స్పీకర్ల క్యాబ్ తగిలించాడు. ఆ తేడా ముందు మా డ్రమ్మర్ కూడా వాయించడం ఆపి తలెత్తి చూశాడు, వాడికి గిటార్ అంటేనే చిరాకు.

బెంగళూరాయనకి జేఎంపీ-1 వద్దని చెప్పేసి పవరాంపు ఒక్కటే ఇస్తారేమో అడిగాను, రెండూ కలిపే అమ్ముతాడట. కాబట్టి ఇక్కడెవరి దగ్గరైనా 230 వోల్టుల ట్యూబ్ పవరాంపు ఉంటే చెప్పండి. గాజువాక అయినా గోపాలపట్నం అయినా ఆటో కట్టించుకుని వస్తాను, మా ఇంటికి లిఫ్టు లేదు, మూడంతస్తులు మోయడానికి డ్రమ్మర్ని ఇప్పటికే ఒప్పించాను.