14 నెలల బాబుకి కర్పూరం నూనె: అత్తయ్యకీ నాకూ తెగని తగువు

అరండల్‌పేట కోడలు:
మాది గుంటూరు. బాబుకి నాలుగు రోజులుగా జలుబు. పడుకోబెడితే చాలు, దగ్గు ఎత్తుకుంటుంది. 2025 అక్టోబరులో మధ్యప్రదేశ్ ఛింద్వారాలో కల్తీ దగ్గు సిరప్ తాగి పిల్లలు పోయారని చూసినప్పటి నుంచీ సీసా ముట్టాలంటే భయం. అత్తయ్యగారేమో గరిటెలో కొబ్బరినూనె కాచి, రెండు పూజ కర్పూరం బిళ్ళలు నలిపి వేసి ఛాతీకీ వీపుకీ రాస్తున్నారు. నిన్న ముక్కు కింద కూడా ఓ చుక్క పెట్టారు. వాడు ఊపిరి బిగబట్టి కందగడ్డలా అయిపోయాడు. "మీ ఆయన్ని ఇలాగే పెంచాను" అంటారావిడ. ఏం చెప్పమంటారు?

కృష్ణలంక బాబాయ్:
ముక్కు కింద వద్దులే గానీ, ఛాతీకి రాస్తే ఏమవుతుందమ్మా? మా ముగ్గురు పిల్లలూ ఆ నూనెతోనే పెరిగారు. నాకైతే ఇప్పటికీ జేబురుమాలు మీద రెండు చుక్కల నీలగిరి తైలం లేనిదే రైలెక్కను.

వన్ టౌన్ మందుల కొట్టు:
బాబాయ్ గారూ, మీ జేబురుమాలుతో నాకు పేచీ లేదు. పసివాడి సంగతి వేరు. కర్పూరం చర్మం లోంచి కూడా ఒంట్లోకి దిగుతుంది, మోతాదు మించితే మూర్ఛ వస్తుంది. పూజ బిళ్ళ టర్పెంటైన్ నుంచి ఫ్యాక్టరీలో తయారయ్యే సరుకు, హారతికి పనికొచ్చేది. రాసే మందుల్లో కర్పూరం 11 శాతం దాటకూడదని అమెరికాలో 1983లోనే కట్టడి పెట్టారు. గరిటెలో ఎంత శాతం పడిందో అత్తయ్యగారు చెప్పగలరా? కొట్లో అమ్మే బామ్ డబ్బా తిప్పి చూసినా, రెండేళ్ళ లోపు పిల్లలకి వద్దనే ఉంటుంది.

ఇంకోటి. బామ్‌లో ఉండే పుదీనా పువ్వు, అదే మెంథాల్, ముక్కు దిబ్బడ తీయదు. చల్లదనం తెలిపే నరాన్ని తట్టి, గాలి బాగా ఆడుతున్నట్టు అనిపింపజేస్తుంది, అంతే.

కృష్ణలంక బాబాయ్:
అనిపిస్తే చాలదా? రాత్రి నిద్ర పడుతుందిగా!

వన్ టౌన్ మందుల కొట్టు:
పడుతుంది, ఒప్పుకుంటా. 2010లో అమెరికాలో 138 మంది పిల్లల మీద చూస్తే, బామ్ రాసిన రాత్రి దగ్గు తగ్గి నిద్ర మెరుగైందని తల్లిదండ్రులు చెప్పారు. పిల్లలకి రాసింది బామో కాదో వాసన బట్టి పోల్చుకోకుండా ఆ తల్లిదండ్రుల ముక్కు కింద కూడా బామ్ పూశారు. అయినా ఎక్కువమంది కనిపెట్టేశారనుకోండి! కానీ అదంతా ఒక్క రాత్రి ముచ్చట, పైగా రెండేళ్ళు దాటినవాళ్ళ మీద. కొందరికి చర్మం, కళ్ళు మండాయి కూడా.

మిర్చి యార్డు గుమాస్తా:
పెద్దవాళ్ళ మాట నేను చెప్తా. సీజన్లో ఘాటుకి దగ్గొస్తే జామాయిల్ ఆకు మరిగించి ఆవిరి పట్టేవాణ్ణి. హాయిగానే ఉండేది. పోయినేడు మూడు వారాలైనా వదల్లేదు. రెండు వారాలు దాటితే కళ్ళె పరీక్ష చేయించాలని అప్పుడు తెలిసింది. టీబీ కాదులెండి. కానీ ఆ హాయి నమ్ముకుని వారం వృథా చేశా. పిల్లలకి మాత్రం ఆవిరి గిన్నె దగ్గరకి రానివ్వద్దు. మా అన్న కూతురికి తొడ మీద మచ్చ ఇంకా ఉంది.

తెనాలి అమ్మమ్మ:
అమ్మాయ్, ఆవిడ చేతికి ఏదో ఒక పని చూపించు, లేకపోతే ఇల్లు కురుక్షేత్రమే. ఏడాది నిండింది కనుక పడుకునే ముందు అర చెంచా తేనె నాకించవచ్చు. ఏడాది లోపైతే తేనె ముట్టించకూడదు, గుర్తుంచుకో. ఆ పని ఆవిడకి అప్పగించు.

వన్ టౌన్ మందుల కొట్టు:
అమ్మమ్మ మాట బాగుంది. కోడలు గారూ, బాబు నిద్రపోతున్నప్పుడు చొక్కా ఎత్తి నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. 40 గానీ, ఆ పైన గానీ ఉన్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పిల్లికూతలు వినపడినా ఏ నూనే వద్దు, ఆ రాత్రే డాక్టరు దగ్గరికి.

అరండల్‌పేట కోడలు:
రెండుసార్లు లెక్కపెట్టా, 30, 32 వచ్చాయి. తేనె అత్తయ్యగారే నాకించారు, మూతి చప్పరించాడు. కర్పూరం డబ్బా వాడి చేతికందకుండా దేవుడి గూట్లో పై అరకి ఎక్కించా. ఆవిడ చూశారు గానీ ఏమీ అనలేదు. ఇప్పుడే వాడి పాదాలకి వట్టి కొబ్బరినూనె రాస్తున్నారు. వాసన చూసి వచ్చా, వట్టిదే.

కృష్ణలంక బాబాయ్:
వాసన చూసి మరీనా! మీ అత్తయ్యగారికి నా తరఫున నమస్కారం చెప్పమ్మా.