మెషీన్ నలభై నిమిషాలు తిరిగినా గట్టిపడని మామిడి ఐస్‌క్రీమ్

గోదావరి గట్టు (ప్రశ్న):
అందరికీ నమస్కారం. మాది రాజమహేంద్రవరం. నిరుడు మా అమ్మాయి అమెరికా నుండి వస్తూ విద్యుత్తుతో నడిచే ఐస్‌క్రీమ్ మెషీన్ ఒకటి తెచ్చింది. రెండు పొరల మధ్య ద్రవం నింపిన గిన్నెను ముందుగా ఫ్రీజరులో ఉంచి, తరువాత మెషీనుకు అమర్చి తిప్పే రకం అది. ఇక్కడి 230 వోల్టుల కరెంటుకు సరిపడేలా ట్రాన్స్‌ఫార్మరు కూడా కొన్నాము. అర లీటరు టోన్డ్ పాలు కాచి, మూడు గరిటెల చక్కెర (తూచితే 60 గ్రాములు ఉంది) వేసి, గది వేడికి చల్లారిన తరువాత పావు కిలో బంగినపల్లి గుజ్జు కలిపి పోస్తున్నాను. గిన్నెను రాత్రంతా మా సింగిల్ డోర్ ఫ్రిజ్ పై అరలోనే ఉంచుతున్నాను. అయినా నలభై నిమిషాలు తిరిగాక కూడా అది పాయసంలాగే ఉంటోంది. పోనీ అని డబ్బాలో పోసి ఫ్రీజరులో పెడితే మరునాటికి రాయిలా బిగిసి, నోట్లో మంచు పలుకులు కరకరమంటున్నాయి. రెండుసార్లు ఇలాగే అయింది. లోపం మెషీనుదా, ట్రాన్స్‌ఫార్మరుదా, నాదా? మా ఇంట్లో అందరికీ తీపి తక్కువగా ఉండాలి కనుక చక్కెర పెంచే సలహా తప్ప మరేదైనా చెప్పగలరు.

విశ్రాంత ఇంజనీరు:
అమ్మా, ముందుగా ట్రాన్స్‌ఫార్మరు సంగతి తేల్చేద్దాం. అది వోల్టేజిని 110కి తగ్గిస్తుందే తప్ప ఫ్రీక్వెన్సీని మార్చదు. అక్కడి 60 హెర్ట్జ్‌కు తయారైన మోటారు ఇక్కడి 50 హెర్ట్జ్ మీద, కొన్ని రకాలలో, ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది. అంతమాత్రాన ఐస్‌క్రీమ్ పాయసం కాదు. ట్రాన్స్‌ఫార్మరు వాట్లు మెషీను వాట్ల కన్నా ఎక్కువగా ఉన్నాయో లేదో మాత్రం ఒకసారి చూసుకోండి.

అసలు చిక్కు చల్లదనం లెక్కలో ఉంది. మీ మెషీను తనంతట తాను చల్లదనాన్ని పుట్టించదు. గిన్నెలో ముందుగా దాచుకున్నదానిని ఖర్చు పెట్టడమే దాని పని. మే నెల రాజమహేంద్రవరంలో గది వేడికి చల్లారాయంటే ఆ పాలు 38 డిగ్రీల దగ్గర ఉన్నట్టే. మీరు పోసే 810 గ్రాముల మిశ్రమాన్ని అక్కడి నుండి సున్నాకు దించడానికి ఎంత చల్లదనం కావాలో, అందులోని నీటిలో సగాన్ని గడ్డకట్టించడానికి కూడా దాదాపు అంతే కావాలి. అంటే గిన్నె తెచ్చుకున్న చల్లదనమంతా మొదటి పనికే చెల్లిపోయి, రెండో పనికి ఏమీ మిగలడం లేదు. కాబట్టి మిశ్రమాన్ని ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచి, 4 డిగ్రీల చల్లదనానికి వచ్చిన తరువాతే పోయండి.

ఇక గిన్నె. దానిని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూడండి. లోపల ద్రవం కదిలిన చప్పుడు వినబడితే అది గడ్డకట్టనట్టే, ఆ రోజు పని మానుకోవాలి. ఇలాంటి గిన్నెలకు సున్నాకు దిగువన 18 డిగ్రీల ఫ్రీజరు, అందులో 24 గంటల కాలం కావాలి. సింగిల్ డోర్ ఫ్రిజ్‌ల పై అర చాలాసార్లు అంత దూరం దిగదు. గిన్నెను బాగా తుడిచి, పొడిగా పెట్టడం కూడా ముఖ్యం, లేకపోతే గోడల మీద పేరుకున్న మంచు పొరే దుప్పటిలా అడ్డుపడుతుంది. తిప్పేటప్పుడు తెడ్డు తిరగడం మొదలైన తరువాతే మిశ్రమం పోయండి. ముందు పోస్తే గోడకు అంటుకున్నది అక్కడికక్కడే బిగిసి తెడ్డును పట్టేస్తుంది. నేను ఒక మోటారును అలాగే కాల్చుకున్నాను.

పాలకేంద్రం:
పై సమాధానం పాయసానికి సరిపోతుంది కానీ రాయికి సరిపోదు. మీ కొలతలను వెన్న శాతంలోకి మార్చి చూశాను. టోన్డ్ పాలలో వెన్న 3 శాతం కనుక అర లీటరులో 15 గ్రాములే. మొత్తం మిశ్రమంలో అది 2 శాతమైనా కాదు. మన దేశంలో మామూలు ఐస్‌క్రీమ్‌గా అమ్మాలంటే పాల కొవ్వు కనీసం 10 శాతం ఉండాలి. (నూనె కొవ్వుతో చేసినదానికి ‘ఫ్రోజెన్ డెజర్ట్’ అనే వేరే పేరు పెట్టాల్సి రావడం అందుకే.) మీరు చేస్తున్నది, కోపగించుకోకండి, మామిడి రుచి ఉన్న పాల ఐసు.

చక్కెర మాట వద్దన్నారు గానీ అది చెప్పకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు. చక్కెర తీపికి మాత్రమే కాదు. అది నీరు గడ్డకట్టే స్థాయిని కిందికి దించి, కొంత నీటిని ఫ్రీజరులో కూడా గడ్డకట్టకుండా ఆపుతుంది, చెంచా దిగేది అందువల్లనే. మామిడిలోని తీపిని కలుపుకున్నా మీది 12 శాతం దగ్గరే ఆగింది. నేను వాడే కొలత ఇది: అర లీటరు ఫుల్ క్రీమ్ పాలు, 25 శాతం వెన్న ఉన్న ఫ్రెష్ క్రీమ్ 200 మిల్లీలీటర్లు, పాలపొడి 30 గ్రాములు, చక్కెర 130 గ్రాములు. పండు బాగా తియ్యనిదైతే 110 సరిపోతుంది. చల్లటి పాలలో ఒక చెంచా మొక్కజొన్న పిండి కలిపి, కాగుతున్న పాలలో పోసి చిక్కబరిస్తే అది నీటిని పట్టి ఉంచి, పలుకులు పెద్దవి కాకుండా చూస్తుంది. పాలపొడి చేసేదీ ఇంచుమించు అదే పని, అయితే ఎక్కువ వేస్తే నాలుకకు ఇసుక తగులుతుంది. తీపి తగ్గాలనుకుంటే చక్కెరకు బదులు వడ్డించే గిన్నెలను చిన్నవి చేయండి.

అత్తాపూర్ వంటిల్లు:
మామిడి గుజ్జు గురించి ఎవరూ చెప్పలేదు. పావు కిలో గుజ్జులో నీరే ఎక్కువ, మంచు పలుకులకు ఒక మూలం అక్కడే ఉంది. దానిని సన్నటి మంట మీద 150 గ్రాములకు దగ్గరపడే దాకా ఉడికించి, పూర్తిగా చల్లార్చి, చల్లటి పాలలోనే కలపండి. వేడి పాలలో కలిపితే పులుపు ఉన్న పండుకు పాలు విరిగిపోవచ్చు. ఈ పద్ధతిని సీతాఫలానికి మాత్రం పొరపాటున కూడా వాడకండి, ఉడికిస్తే చేదెక్కుతుంది. దాని గుజ్జును పచ్చిగానే, మెషీను ఆపడానికి ఐదు నిమిషాల ముందు వేయాలి. మా హైదరాబాదులో మొజంజాహీ మార్కెట్ సీతాఫలం ఐస్‌క్రీమ్ తిన్నవారికి ఆ పచ్చి గుజ్జు రుచి ఏమిటో తెలుస్తుంది.

మరొక సంగతి. మెషీను నుండి తీసినప్పుడు అది మెత్తగానే ఉంటుంది, ఉండాలి కూడా. ముందే చల్లబరచిన లోతు తక్కువ డబ్బాలోకి మార్చి, పైభాగానికి ఆనేలా ప్లాస్టిక్ కాగితం పరచి, కనీసం నాలుగు గంటలు తలుపు తీయకుండా ఉంచండి. మా ఇంట్లో ఆ నాలుగు గంటలలో తలుపు తీసేది పిల్లలు కాదు, మా మామగారు.

గోదావరి గట్టు:
అందరికీ కృతజ్ఞతలు. గిన్నెను ఊపి చూశాను, ఇంజనీరు గారు చెప్పినట్టే ద్రవం గలగలలాడింది. మా వీధి చివర కిరాణా దుకాణం వారి డీప్ ఫ్రీజరులో ఒక రోజంతా ఉంచమని బతిమాలితే, ఒక డబ్బా తమకు కూడా ఇవ్వాలనే షరతుతో ఒప్పుకున్నారు. పాలకేంద్రం గారి కొలతలు, దగ్గరపడిన గుజ్జు, రాత్రంతా చల్లబడిన మిశ్రమం. ఇరవై ఐదో నిమిషానికి తెడ్డు బరువుగా తిరగసాగింది, తీసి చూస్తే వెన్నలా ఉంది. గట్టిపడడానికి డబ్బాలను కూడా ఆ దుకాణంలోనే ఉంచాను. సాయంత్రం వెళ్లేసరికి మూడింటిలో రెండే మిగిలాయి. చక్కెర 110 గ్రాములే వేశాను, తీపి ఎక్కువైందని ఇంట్లో ఎవరూ అనలేదు.